వడిసెలలో రాయా, మట్టిపెడ్డా?

జమ్మలమడుగు దగ్గర మా అబ్బకు రేగడి చేను ఉండేది. జొన్నకంకులు పాలు పోసుకునే రోజుల్లో మంచె మీద నిలబడి, పిట్టల్ని తోలడానికి వడిసెల తిప్పేవాడు. సెలవులకు వెళ్లినప్పుడు నేను గులకరాళ్లు ఏరి తెచ్చి ఇచ్చేవాణ్ని. ఆయన వాటిని ముట్టేవాడు కాదు. ‘‘రాయొద్దు నాయనా! గురి తప్పి దావన పొయ్యే మనిషికి తగిల్తే ఏం చేస్తావు? మట్టిపెడ్డ అయితే తగలంగానే పగిలిపోతాది’’ అనేవాడు.

ఇప్పుడు నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. రబ్బరు బుల్లెట్లు, ప్లాస్టిక్ బుల్లెట్ల గురించి చదువుతుంటే అబ్బ మాటే గుర్తుకొస్తోంది. ప్రపంచంలోని ఇంజినీర్లు యాభై ఏళ్లుగా కుస్తీ పడుతున్నది ఆ మట్టిపెడ్డ కోసమే.

లాఠీకీ, తుపాకీకీ మధ్య

ఎన్నికలొస్తే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పేర్ల పక్కన ‘సమస్యాత్మకం’ అనే మాట వచ్చి కూర్చుంటుంది. కేంద్ర బలగాల కవాతు, నిషేధాజ్ఞలు మా ఊళ్లకు కొత్త కాదు. గుంపు రాళ్లు రువ్వుతున్నప్పుడు పోలీసు చేతిలో లాఠీ, తుపాకీ తప్ప మరొకటి లేకపోతే ఏమవుతుంది? 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు, 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. అలాంటి చావులు తప్పించడానికే ‘ప్రాణం తీయని’ ఆయుధాలు వచ్చాయి.

మరి ఆ పేరు నిజమేనా? వైద్య పత్రిక బీఎంజే ఓపెన్‌లో 2017లో వచ్చిన ఒక సమీక్ష, రకరకాల దేశాల్లో ఇలాంటి గుళ్లు తగిలిన 1,984 మంది వివరాలు పరిశీలించింది. వాళ్లలో 53 మంది చనిపోయారు. 300 మందికి శాశ్వత వైకల్యం వచ్చింది. అందుకే నిపుణులు ఇప్పుడు ‘ప్రాణం తీయనివి’ అనరు, ‘ప్రాణాపాయం తక్కువున్నవి’ అంటున్నారు.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతిలో సుమారు 120 జౌళ్ల శక్తి ఉంటుంది. వంద గ్రాముల ప్లాస్టిక్ గుండు సెకనుకు 70 మీటర్ల వేగంతో వస్తే అది 245 జౌళ్లు, అంటే రెట్టింపు. తొడకు తగిలితే కమిలిపోయి వాస్తుంది. అదే కణతకు తగిలితే? ఆయుధం ఒకటే, తగిలిన చోటే వేరు.

ఇంకో చిక్కు దూరం. గుండు యాభై అడుగులు దాటాక కూడా పనిచేయాలంటే బయల్దేరేటప్పుడు వేగం ఎక్కువుండాలి. అప్పుడు ఐదడుగుల్లో ఉన్నవాడి గతేంటి? దగ్గరివాడికి ప్రాణాంతకం కాకుండా, దూరంగా ఉన్నవాడికి పనికిరాకుండా పోకుండా చేయడమే అసలు పరీక్ష.

మా సీమకు సంబంధించినది మరొకటి ఉంది, ఎండ. తూటాలోని మందు వేడికి ఇంకా జోరుగా మండుతుంది, గుండు వేగం పెరుగుతుంది. వేగం పది శాతం పెరిగితే శక్తి 21 శాతం పెరుగుతుంది. గోదాములో ఏళ్లతరబడి పడున్న రబ్బరు గట్టిపడుతుంది కూడా. 2024లో మన రాష్ట్రంలో పోలింగ్ జరిగింది మే 13న. కడప జిల్లాలో మే నెలంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఏసీ గదిలో పాసైన గుండు మా నడిబజారులోనూ పాసవుతుందా?

దెబ్బలు తిని నేర్చుకున్నారు

ఉత్తర ఐర్లాండ్‌లో బ్రిటిష్ సైన్యం 1970లో రబ్బరు బుల్లెట్లు వాడటం మొదలుపెట్టింది. గురి కుదరక అటూ ఇటూ పోయేవి. తర్వాత ప్లాస్టిక్‌వి తెచ్చారు. ఈ రెండు రకాలకూ కలిపి 17 మంది బలయ్యారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. 2005లో వచ్చిన కొత్త గుండుకు ముందుభాగంలో బోలుగా ఖాళీ వదిలారు. గట్టి ఎముకకు తగిలితే ఆ భాగం నలిగి దెబ్బ తీవ్రతను కొంత మింగుతుంది. అబ్బ మట్టిపెడ్డ అన్నమాట!

చిలీలో 2019 ఆందోళనల్లో 400 మందికి పైగా కళ్లు గాయపడ్డాయి. ‘రబ్బరు’ గుళ్లని చెప్పినవాటిని చిలీ విశ్వవిద్యాలయం పరీక్షిస్తే అందులో రబ్బరు 20 శాతమే! మిగతాదంతా సిలికా, బేరియం సల్ఫేట్, సీసం వంటి గట్టి పదార్థాలు.

మన దగ్గర కశ్మీర్‌లో 2016లో పెల్లెట్ తుపాకులు ఎందరి చూపునో తీశాయి. ఒక్కో తూటాలో వందల లోహపు గుళ్లు. విడిపోయాక ఏది ఎవరి కంట్లో పడుతుందో కాల్చినవాడికే తెలీదు. కేంద్రం వేసిన కమిటీ సిఫార్సుతో పావా షెల్స్ వచ్చాయి. మిరపకాయలో సహజంగానే ఉండే ఘాటు పదార్థమిది. లక్నోలోని ఐఐటీఆర్ పరిశోధన ఫలితం. కానీ ఆశించినంతగా పనిచేయలేదని బలగాలు మళ్లీ పెల్లెట్ల వైపే చూశాయి. భద్రతొక్కటే చాలదు, నమ్మకంగా పనిచేయాలి కూడా. లేదంటే చేయి మళ్లీ పాత ఆయుధం మీదికే పోతుంది.

సగటు చూసి మోసపోవద్దు

మా ఆఫీసులో యాప్ ‘సగటున’ వేగంగా తెరుచుకుంటోందంటే ఎవరూ ఒప్పుకోరు. నూటికి ఒక్కరికి ఎంత ఆలస్యమైందో చెప్పమంటారు. అక్కడ పోయేది కాసింత ఓపికే. ఇక్కడ ఆ నూటికొక్కడు పాలప్యాకెట్ కోసం వీధిలోకొచ్చిన పిల్లోడు కావచ్చు. కాబట్టి గుండును దాని సగటు దెబ్బతో కాదు, అతి చెడ్డ దెబ్బతో కొలవాలి.

తూటాలు కొనేముందు ఎవరైనా ఈ నాలుగు ప్రశ్నలు అడగాలి. ఐదడుగుల దూరంలో పరీక్షించారా? నలభై ఐదు డిగ్రీల ఎండలో పరీక్షించారా? గడువు తేదీ దాటినవాటిని పక్కన పెడుతున్నారా? గాయాల లెక్కను డాక్టర్లు రాస్తున్నారా, కాల్చినవాళ్లే రాసుకుంటున్నారా? ఇవి అడగడానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. దావన పొయ్యే మనిషి ఒకడుంటాడని గుర్తుంటే చాలు.