జారడం తప్పదు, ఎక్కడ జారాలన్నదే లెక్క

మిషిగన్‌లో ఉంటున్న ఒక పాఠకుడు 1969 నాటి ప్లిమత్ రోడ్ రన్నర్ కారు కొన్నారట. 440 ఘనపుటంగుళాల ఇంజిన్, మూడు కార్బురేటర్లు, నాలుగు గేర్ల మాన్యువల్ బాక్సు. సెలవు రోజుల్లో డ్రాగ్ స్ట్రిప్ మీద పావు మైలు, అంటే 402 మీటర్లు, పరుగు తీయించాలని ఆయన ముచ్చట. ‘మార్కెట్లో అన్నిటికన్నా గట్టిగా పట్టే క్లచ్ వేయిస్తే సరిపోతుంది కదా?’ అని అడిగారు.

సరిపోదు. పైగా బండికే చేటు.

క్లచ్ పని అందరికీ తెలిసిందే. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కీ, ప్రెషర్ ప్లేటుకీ నడుమ క్లచ్ ప్లేటు ఇరుక్కుని ఉంటుంది. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది, వదిలేస్తే బిగుస్తుంది. అది ఎంత టార్క్ మోయగలదన్నది నాలుగింటి గుణకారం: రాపిడి ముఖాల సంఖ్య, ఘర్షణ గుణకం, స్ప్రింగులు నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్ధం.

ఇందులో వైశాల్యం లేదు. ప్లేటు మీద రాపిడి పదార్థం ఎంత ఎక్కువ మేర ఉంటే అంత పట్టు అని ఇప్పటికీ షెడ్లలో వాదించేవాళ్లున్నారు. అది తప్పని భౌతిక శాస్త్రవేత్త ఆమోంటోన్ 1699లోనే పారిస్ అకాడమీకి చెప్పాడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే లియొనార్డో డా విన్సీ తన నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. రెండు ప్లేట్ల క్లచ్ ఎక్కువ మోస్తుందంటే వైశాల్యం పెరిగినందుకు కాదు, ముఖాలు రెండు నుంచి నాలుగయినందుకు. మన వీధుల్లో తిరిగే స్ప్లెండర్ బండిలో అన్నేసి చిన్న ప్లేట్లు పేర్చింది కూడా అందుకే. వైశాల్యం కావలసింది వేడిని పంచుకోడానికి. ఇక ‘ఇన్ని హార్స్‌పవర్‌ల క్లచ్’ అని ప్రకటనలిచ్చే కంపెనీలను ఏమనాలి? క్లచ్‌కి తెలిసింది టార్క్ ఒక్కటే.

ఈ ఇంజిన్ టార్క్ 490 పౌండ్ అడుగులు, అంటే దాదాపు 664 న్యూటన్ మీటర్లు. 11 అంగుళాల మామూలు ప్లేటు మీద 12,500 న్యూటన్ల బలం, 0.27 ఘర్షణ గుణకం వేసుకుంటే సుమారు 750 న్యూటన్ మీటర్లు వస్తుంది. కాగితం మీద చాలు. మరి చిక్కెక్కడ?

పచ్చ దీపం వెలిగిన క్షణం చూడండి. ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతోంది, కారు నిలబడి ఉంది. మొదటి గేరు నిష్పత్తి 2.65, వెనక యాక్సిల్‌ది 4.10. ఈ రెంటినీ గుణించి, టైరు చుట్టుకొలతను కూడా లెక్కలోకి తీసుకుంటే, ఇంజిన్ ఆ వేగంలోనే ఉన్నప్పుడు చక్రాలు దాన్ని అందుకునేసరికి కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉండాలి. అందాకా ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి జారక తప్పదు.

అసలు సొగసు ఇక్కడుంది. ఇంజిన్ వేగం తగ్గకుండా క్లచ్ జారుతూ కారుని లాగితే, ఇంజిన్ చేసిన పనిలో సరిగ్గా సగం కారుకి చేరుతుంది, మిగతా సగం క్లచ్‌లో వేడి అవుతుంది. క్లచ్ మెత్తనిదైనా మొండిదైనా ఆ వేడి మారదు! మొండిది తక్కువసేపు జారుతుంది, కానీ ఆ కాసేపూ మరింత తీవ్రంగా కాలుతుంది. 1,700 కిలోల కారుకి ఈ లెక్క దాదాపు 240 కిలోజౌళ్లు. 800 మిల్లీలీటర్ల నీళ్లను మరిగే దాకా తెచ్చేంత వేడి. అదంతా ఒక్క సెకనులో పడితే ఇనుములో నాలుగైదు మిల్లీమీటర్ల లోతు దాటదు. అంటే ఆ పైపొర 200 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. ఆ మాడు వాసన ఘాట్ రోడ్డు మీద హాఫ్ క్లచ్‌తో నడిపినవాళ్లకి తెలుసు.

మరి అతి గట్టి క్లచ్ వేస్తే? క్లచ్ జారదు కాబట్టి టైరు జారుతుంది, పొగలు లేస్తాయి, కారు కదలదు. రేసు టైర్లు వేసి ఆ దారీ మూసేస్తే ఇంజిన్ వేగం ఒక్కసారిగా పడిపోతుంది. ఫ్లైవీల్‌లో దాగిన శక్తి ఒక్క దెబ్బలో గేర్ బాక్సు మీద, యాక్సిల్ మీద విరుచుకుపడుతుంది. ఆ దెబ్బకి హద్దు 664 కాదు, క్లచ్ ఎంత మోయగలిగితే అంత. కొనేది పట్టు అనుకుంటారు, విరిగేది గేరు పళ్లు.

అందుకే డ్రాగ్ రేసర్లకు ‘లాంగ్’ తరహా ప్రెషర్ ప్లేటంటే మక్కువ. అందులో మూడు మీటలు, వాటి చివర బరువులు ఉంటాయి. స్ప్రింగుల బిగువు కావాలని తగ్గిస్తారు, బయల్దేరేటప్పుడు కాస్త జారనిస్తారు. వేగం పెరిగేకొద్దీ అపకేంద్ర బలం ఆ బరువులను బయటికి నెట్టి ప్లేటును బిగిస్తుంది. ఈ బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 3,000 చుట్ల దగ్గర ఉన్నది 6,000 దగ్గర నాలుగింతలు. పైగేర్లలో జారకూడని చోట జారదు. మెక్లియడ్ కంపెనీ ‘సాఫ్ట్-లాక్’ రకంలో స్ప్రింగు బిగువును ఒకచోట, బరువును మరోచోట విడివిడిగా సర్దుకోవచ్చు. వాటితో పాటు వాడే సింటర్డ్ లోహపు ప్లేటు వేడికి ఓరుస్తుంది, ట్రాఫిక్‌లో మాత్రం కుదుపులతో ప్రాణం తీస్తుంది.

కాబట్టి ఆ పాఠకుడికి సలహా: కారుని ఆఫీసుకీ నడపాలనుకుంటే డయాఫ్రం క్లచ్, మామూలు టైర్లతో సరిపెట్టుకోండి. రేసుకే అయితే సర్దుబాటు ఉన్న లాంగ్ తరహా, బరువైన స్టీలు ఫ్లైవీల్ తీసుకోండి. తేలికపాటి అల్యూమినియం ఫ్లైవీల్ ఇంత బరువైన కారుకి నప్పదు.

వీటన్నిటికన్నా ముందు కొనాల్సింది ఇంకొకటుంది: రక్షణ. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ స్ట్రిప్‌లో డ్రాగ్ రేసర్ డాన్ గార్లిట్స్ కారులో ట్రాన్స్‌మిషన్ పేలి ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. పాత పోత ఇనుము ఫ్లైవీల్ పగిలినా ముక్కలు వచ్చేది డ్రైవరు కాళ్ల వైపే. ఫ్లైవీల్‌కీ, క్లచ్‌కీ ఎస్‌ఎఫ్‌ఐ భద్రతా ప్రమాణం 1.1 ముద్ర, వాటిని కప్పి ఉంచే స్టీలు బెల్‌హౌసింగ్‌కి 6.1 ముద్ర ఉన్నాయో లేదో చూసుకుని, అవి బిగించాకే స్ట్రిప్‌కి వెళ్లండి.