సభా హక్కులు - సోదా వారెంటు: శాసనకర్త కార్యాలయంలో దర్యాప్తునకు హద్దులు

శాసనకర్త కార్యాలయంలోని కాగితాలన్నీ ఒకే తీరువి కావు. సభలో అడగదలచిన ప్రశ్న ముసాయిదా, బిల్లుపై రాసుకున్న సవరణలు, ఒక శాఖలోని అక్రమాన్ని వివరిస్తూ కింది స్థాయి ఉద్యోగి రహస్యంగా పంపిన లేఖ అక్కడే ఉంటాయి. లంచం లావాదేవీకి సంబంధించిన పత్రం కూడా అదే బీరువాలో ఉండే అవకాశం లేకపోలేదు. మొదటి తరహా కాగితాలను దర్యాప్తు అధికారి చదివితే సభ స్వేచ్ఛకు భంగం. రెండవ తరహా పత్రాన్ని చదవలేకపోతే చట్టం అమలుకు భంగం. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న ప్రజాస్వామ్య దేశాలలో పలుమార్లు తలెత్తింది.

అమెరికా అనుభవం

లూసియానా రాష్ట్రానికి చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు విలియం జెఫర్సన్‌పై అవినీతి ఆరోపణల దర్యాప్తులో భాగంగా 2005 ఆగస్టులో ఎఫ్.బి.ఐ. ఆయన ఇంటిని సోదా చేసి, ఫ్రీజర్‌లో దాచిన 90,000 డాలర్ల నగదును స్వాధీనం చేసుకున్నది. అనంతరం 2006 మే 20వ తేదీ రాత్రి, న్యాయమూర్తి జారీ చేసిన వారెంటుతో వాషింగ్టన్‌లోని రేబర్న్ భవనంలో గల ఆయన కార్యాలయాన్ని సోదా చేసింది. కాంగ్రెస్ సభ్యుని కార్యాలయాన్ని ఈ విధంగా సోదా చేయడం అదే ప్రథమం. సోదా సమయంలో సభ్యుని న్యాయవాదిని గానీ, సభ న్యాయ సలహాదారును గానీ లోపలికి అనుమతించలేదు.

అధికార పక్షానికి చెందిన స్పీకర్ డెన్నిస్ హాస్టర్ట్, ప్రతిపక్ష నాయకురాలు నాన్సీ పెలోసీ ఈ చర్యను ఉమ్మడిగా ఆక్షేపించారు. అధ్యక్షుడు జార్జి బుష్ జోక్యం చేసుకొని, స్వాధీనం చేసుకున్న పత్రాలను 45 రోజులపాటు సీలు చేసి ఉంచవలసిందిగా ఆదేశించారు.

సభలో ప్రసంగానికి, చర్చకు సంబంధించి సభ్యుని మరెక్కడా ప్రశ్నించరాదని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోని 6వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. సోదా చెల్లుతుందని జిల్లా కోర్టు 2006 జూలైలో తీర్పు చెప్పగా, 2007 ఆగస్టు 3న అప్పీలు కోర్టు భిన్నమైన నిర్ణయానికి వచ్చింది. రక్షణ గల శాసన పత్రాలేవో తెలియజేసే అవకాశం సభ్యునికి ఇవ్వకముందే కార్యనిర్వాహక సిబ్బంది వాటిని పరిశీలించడం రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. అయితే రక్షణ పరిధిలోకి రాని పత్రాలను తిరిగి ఇవ్వనవసరం లేదని కూడా స్పష్టం చేసింది. ఆ పత్రాలు ప్రభుత్వం వద్దనే ఉన్నాయి, విచారణ కొనసాగింది. 2009లో జ్యూరీ 16 అభియోగాలలో 11 రుజువైనట్లు నిర్ణయించగా, ఆయనకు 13 సంవత్సరాల శిక్ష పడింది. లంచం నేరానికి నిర్వచనాన్ని సుప్రీంకోర్టు మరొక కేసులో కుదించిన దరిమిలా, 2017లో పలు అభియోగాలపై శిక్షలు రద్దయి ఆయన విడుదలయ్యారు. అప్పీలు కోర్టు అభిప్రాయంతో 2011లో మరొక ఫెడరల్ అప్పీలు కోర్టు ఏకీభవించకపోవడం గమనార్హం.

బ్రిటన్‌లో మార్పు

2008 నవంబరు 27న లండన్ పోలీసులు ప్రభుత్వ సమాచారం బహిర్గతమైన కేసులో పార్లమెంటు సభ్యుడు డామియన్ గ్రీన్ కార్యాలయాన్ని వారెంటు లేకుండా, సభ భద్రతాధికారి సమ్మతిపై సోదా చేశారు. సభలో తీవ్ర నిరసన వ్యక్తం కావడంతో, ఇకపై వారెంటు తప్పనిసరి అని, అటువంటి ప్రతి వారెంటు తన పరిశీలనకు రావాలని స్పీకర్ ప్రకటించారు. 2009 ఏప్రిల్‌లో, గ్రీన్‌పై అభియోగం మోపడం లేదని ప్రాసిక్యూషన్ విభాగం వెల్లడించింది.

భారత రాజ్యాంగ స్థితి

పార్లమెంటు సభ్యులకు 105వ అధికరణం, రాష్ట్ర శాసనసభ్యులకు 194వ అధికరణం సభలో మాటకు, ఓటుకు రక్షణ కల్పిస్తున్నాయి. వీటిలో సోదా ప్రస్తావన లేదు. లంచం తీసుకొని ఓటు వేసిన సభ్యులకు సైతం ఈ రక్షణ వర్తిస్తుందని 1998లో పి.వి. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు ఇచ్చింది. 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. సభ సమష్టి పనితీరుతో ముడిపడి, సభ్యుని విధి నిర్వహణకు ఆవశ్యకమైనప్పుడే హక్కు వర్తిస్తుందని నిర్దేశించింది. కేరళ శాసనసభలో 2015లో జరిగిన ఆస్తి ధ్వంసం కేసులోనూ సభా హక్కు నేర విచారణకు అడ్డు కాదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది.

అధికారులు, పాత్రికేయులు గమనించవలసినవి

సభ్యుడిని అరెస్టు చేసిన పక్షంలో ఆ విషయాన్ని వెంటనే స్పీకర్‌కు తెలియజేయాలని లోక్‌సభ నియమావళిలోని 229వ నియమం చెబుతున్నది. స్పీకర్ అనుమతి లేనిదే సభా ప్రాంగణంలో అరెస్టు చేయరాదని 232వ నియమం, సమన్లు వంటి న్యాయ ఉత్తర్వులను అందజేయరాదని 233వ నియమం నిర్దేశిస్తున్నాయి. ఇవి ప్రాంగణానికి సంబంధించిన నియమాలే తప్ప నేరం నుంచి మినహాయింపులు కావు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 135-ఏ సెక్షన్ కింద సమావేశాల కాలంలోనూ, వాటికి ముందు, తర్వాత 40 రోజులపాటు లభించే రక్షణ సివిల్ కేసులకే పరిమితం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదా, జప్తు ప్రక్రియను దృశ్య, శ్రవణ రూపంలో నమోదు చేయాలని ఆదేశిస్తున్నది.

సభా కార్యకలాపాలను గణనీయంగా యథాతథంగా, దురుద్దేశం లేకుండా ప్రచురించే పత్రికలకు 361-ఏ అధికరణం రక్షణ ఇస్తున్నది. రహస్య సమావేశాల నివేదికలకు ఇది వర్తించదు. సోదా వార్తలు రాసే సందర్భంలో వారెంటు ఉన్నదా, స్పీకర్ అనుమతి అవసరమైన ప్రదేశమా, స్వాధీనం చేసుకున్న పత్రాలు శాసన విధికి చెందినవా అనే మూడు ప్రశ్నలకు సమాధానం ఉంటే పాఠకునికి వాస్తవం బోధపడుతుంది.

సభా హక్కు సభ్యుని వ్యక్తిగత ఆస్తి కాదు. నిర్భయంగా ఫిర్యాదు చేసే పౌరునికీ, ఆ ఫిర్యాదును సభలో వినిపించే ప్రతినిధికీ అది సమానంగా అండ. అవినీతిని దాచేందుకు దానిని వాడినా, విమర్శకుల కాగితాలను వెతికేందుకు సోదా అధికారాన్ని వాడినా, చివరకు నష్టపోయేది ఓటరే.