నాడీకణములలో గ్రాహకముల ప్రయాణము

మన వెన్నెముక ప్రక్కనుండి కాలివ్రేళ్లవఱకు ఒక్క నాడీకణమే వ్యాపించియుండునని చెప్పినచో బాలురు నమ్మరు. అయినను అది నిజము. కణదేహము కంటికిఁ గానరానంత చిన్నది. దాని తంతువో పెద్దవారియందు మీటరు పొడవుండును. ఇట్టి కణమునకు పాదమునందలి సమాచారము వెన్నుప్రక్కనున్న కేంద్రకమున కెట్లు చేరును?

గర్భస్థశిశువునందు అవసరమునకు మించి నాడీకణములు పుట్టును. చర్మము మొదలగు అవయవములు విడుచు పోషకద్రవ్యము దొరకినవి బ్రతుకును, దొరకనివి నశించును. ఆ ద్రవ్యమే నాడీవృద్ధికారకము. దీనిని కనుగొన్న రీటా లెవీ-మొంటాల్చీనీ ఇటలీదేశపు యూదు స్త్రీ. ఆ దేశమున యూదులకు విద్యాలయములు మూయఁబడినపుడు ఆమె తన పడకగదినే ప్రయోగశాలగాఁ జేసికొని కోడిపిండములను శోధించెను. పిమ్మట అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున 1950ల యందు ఆమెయు స్టాన్లీ కోహెనును ఈ కారకమును వెల్లడించిరి. 1986లో ఇరువురకు నోబెల్ బహుమానము లభించెను.

తంతువు కొనయందు ట్రాక్-ఏ యను గ్రాహకము కాచుకొనియుండును. వృద్ధికారకము తన్నంటగానే కణపు పొర లోనికి మడఁతపడి, గ్రాహకమును కారకమును కలిపి చిన్న సంచిగా మూసివేయును. మన ప్రాంతపు ఇంక్లైనులలో బొగ్గుటబ్బులను హాలేజీతాడు పైకి లాగుట మీ తాతలు చెప్పఁగా వినియుందురు. ఇచట పట్టాలకు బదులు సూక్ష్మనాళికలు; లాగునది డైనీన్ అను ప్రోటీను. ఎంత వేగముగాఁ బోయినను దినమునకు సుమారు 20 సెంటీమీటర్లే. కావున పెద్దవాని పాదమునుండి వెన్నువఱకు ఐదాఱు దినముల పయనము. అన్నాళ్లును గ్రాహకము సంచిలో నుండియే సంకేతమును నిలుపుకొనవలెను. త్రోవలో చెడెనా, వార్తయును చెడును.

అయినను ఎన్నఁటికిని చెడకుండుటయు మేలు గాదు. పని ముగిసిన గ్రాహకములు కొన్ని మరల పొరకుఁ బంపఁబడును. తక్కినవానికి యుబిక్విటిన్ అను, 76 అమైనో ఆమ్లములు గల, చిన్న ప్రోటీను తగిలింపఁబడును. అది తుక్కునకుఁ బంపవలసిన టబ్బుపై వేసిన సున్నపుగుఱుతు వంటిది. ఆ గుఱుతు గలవి లైసోసోము అను ఆమ్లపుసంచిని జేరి అరిగిపోవును. లైసోసోమును 1955లో బెల్జియము శాస్త్రజ్ఞుఁడు క్రిస్టియన్ డి డ్యూవ్ వెల్లడించెను.

ఈ యేర్పాటులో లోపము కలిగినచో నేమగును? ట్రాక్-ఏ జన్యువే చెడి పుట్టిన శిశువులు కొందఱున్నారు. వ్యాధి మిక్కిలి అరుదు. వారికి నొప్పి తెలియదు, చెమట పట్టదు. నాలుకను కొఱికికొందురు, కాలినను చేయి తీయరు. మన రామగుండపు వైశాఖమాసమున చెమటలేని దేహము ఎంత కాఁగునో తల్లులే ఊహింపఁగలరు. సంచులను లైసోసోమునకు నడపు రాబ్-7 అను ప్రోటీను చెడిన మఱియొక వంశపారంపర్యవ్యాధియం దన్ననో, పాదములు స్పర్శ గోల్పోయి పుండ్లు పడి, ఒక్కొక్కప్పుడు వ్రేళ్లనే తీసివేయవలసివచ్చును. పొడవైన తంతువులే ముందు దెబ్బతినుట ఇచట గమనింపఁదగినది.

మధుమేహమునందును పాదస్పర్శ తగ్గును. దానికి కారణములు వేఱు, పెక్కు. బూటులోని గులకరాయి గీచినను తెలియక షిఫ్టు ముగియువఱకు నడచువారికి పుండు ముదిరినపిదపఁగాని కనఁబడదు.

కోహెను తన పరిశోధనలో మఱియొకటి చూచెను. ఎలుకల లాలాజలగ్రంథుల సారమును క్రొత్తగాఁ బుట్టిన పిల్లల కిచ్చినపుడు వాని కన్నులు గడువునకు ముందే తెఱచుకొనెను. అట్లు చర్మవృద్ధికారకము బయల్పడెను. దాని గ్రాహకమును కణములోనికిఁ బోయి, కొంత తిరిగివచ్చును, కొంత అరిగిపోవును. అరుగుట కడ్డుపడినచో ఎదుగుమను ఆజ్ఞ ఆగక, కొన్ని పుట్టకురుపులకు దారితీయును. ఆ కారకమునే జన్యుసాంకేతికముచేఁ దయారుచేసి, హైదరాబాదునందలి భారత్ బయోటెక్ సంస్థ రీజెన్-డి యను పేర మధుమేహుల పాదవ్రణములకు లేపనముగా నిచ్చినది.