కరెంటును కొలిచే చిన్న బోర్డు: దాని అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

బొమ్మ కారుకో, చిన్న రోబోకో మోటారు బిగించి బ్యాటరీ తగిలించగానే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఇది ఎంత కరెంటు తీసుకుంటోంది? బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, మోటారును నడిపే చిప్ కాలిపోకుండా ఉంటుందో లేదో ఆ అంకెను బట్టే తెలుస్తుంది.

6 వోల్టుల మోటారు తీగచుట్ట నిరోధం 3 ఓమ్‌లు అనుకుందాం. మోటారు తిరుగుతున్నంతసేపు దానిలోనే వ్యతిరేక వోల్టేజి పుడుతుంది కాబట్టి కరెంటు తక్కువగా ఉంటుంది. చక్రం దేనికైనా తట్టుకుని ఆగిపోతే ఆ వ్యతిరేక వోల్టేజి ఉండదు. కరెంటు ఒక్కసారిగా 2 ఆంపియర్లకు చేరుతుంది. ఆ క్షణాన్ని పసిగట్టి మోటారును ఆపడానికి కరెంట్ సెన్సర్ బోర్డు ఉపయోగపడుతుంది.

అయితే ఈ బోర్డు కరెంటును నేరుగా కొలవదు. కరెంటు వల్ల కలిగే మరో ప్రభావాన్ని కొలిచి లెక్క కడుతుంది. ఆ ప్రభావం ఏమిటో తెలిస్తే, బోర్డు ఎక్కడ పొరబడుతుందో కూడా తెలుస్తుంది.

చిన్న నిరోధకంతో

మొదటి పద్ధతికి ఆధారం ఓమ్ నియమం. ఐఎన్ఏ219 చిప్ ఉన్న బోర్డులపై సాధారణంగా 0.1 ఓమ్ నిరోధకం ఉంటుంది. దానిగుండా 1 ఆంపియర్ వెళితే రెండు చివరల మధ్య 0.1 వోల్టు తేడా వస్తుంది. చిప్ ఆ తేడాను కొలిచి, ఐ2సి తీగల ద్వారా ఆర్డుయినోకు పంపుతుంది. 0.1 మిల్లీఆంపియర్ మార్పును కూడా చూపగలదు కనుక ఎల్ఈడీలకు, సెన్సర్లకు ఇది బాగా నప్పుతుంది.

దీనికి హద్దులున్నాయి. 26 వోల్టుల లోపు డీసీకి, సుమారు 3.2 ఆంపియర్ల వరకే ఇది పనికొస్తుంది. పైగా 2 ఆంపియర్లు వెళ్లేటప్పుడు 0.2 వోల్టు ఇక్కడే ఖర్చవుతుంది. 0.4 వాట్లు వేడిగా పోతాయి.

అయస్కాంత క్షేత్రంతో

రెండో పద్ధతికి మూలం 1879లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ హాల్ గమనించిన విషయం. కరెంటు ప్రవహిస్తున్న పలుచని బంగారు రేకును అయస్కాంత క్షేత్రంలో ఉంచితే, రేకుకు అడ్డంగా స్వల్ప వోల్టేజి ఏర్పడింది. దీన్నే హాల్ ప్రభావం అంటారు.

ఏసీఎస్712 చిప్‌లో కొలవాల్సిన కరెంటు ఒక రాగి దారిలో వెళుతుంది. దాని అయస్కాంత క్షేత్రాన్ని పక్కనే ఉన్న హాల్ భాగం గుర్తిస్తుంది. రెండు వైపుల మధ్య విద్యుత్ సంబంధం ఉండదు. ఏసీ, డీసీ రెండింటినీ కొలవవచ్చు. కరెంటు లేనప్పుడు అవుట్‌పుట్ సరఫరా వోల్టేజిలో సగం, అంటే 2.5 వోల్టులు ఉంటుంది. కరెంటు ఒక దిశలో వెళితే అది పెరుగుతుంది, ఎదురు దిశలో వెళితే తగ్గుతుంది.

ఈ చిప్ 5, 20, 30 ఆంపియర్ల రకాల్లో దొరుకుతుంది. ఒక్కో ఆంపియర్‌కు అవి వరుసగా 185, 100, 66 మిల్లీవోల్టుల మార్పు చూపుతాయి. ఎక్కువ సామర్థ్యం ఉన్నది కొంటే మంచిదనిపించడం సహజం. కానీ ఆర్డుయినో యూనో 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది. ఒక్కో మెట్టు సుమారు 4.9 మిల్లీవోల్టులు. 30 ఆంపియర్ల రకంలో ఇది దాదాపు 74 మిల్లీఆంపియర్లకు సమానం. 20 మిల్లీఆంపియర్ల ఎల్ఈడీ వెలిగినా దానికి తెలియదు. బియ్యం బస్తాలు తూచే కాటాపై ఉంగరాన్ని తూచినట్టే!

గుర్తుంచుకోవాల్సినవి

• సెన్సర్‌ను లోడుతో వరుసగా, అంటే సిరీస్‌లో కలపాలి. ఏసీఎస్712 రాగి దారి నిరోధం 1.2 మిల్లీఓమ్‌లే. దాన్ని బ్యాటరీ రెండు కొనలకు అడ్డంగా కలిపితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

• లోడు కలపకముందే వంద రీడింగులు తీసి సగటు కట్టి, దాన్నే సున్నాగా తీసుకోవాలి. ప్రతిసారీ సరిగ్గా 2.5 వోల్టులే వస్తుందని అనుకోకూడదు.

• ఈఎస్‌పీ32 వంటి 3.3 వోల్టుల బోర్డులకు ఏసీఎస్712 అవుట్‌పుట్‌ను నేరుగా ఇవ్వకూడదు. రెండు నిరోధకాలతో వోల్టేజి తగ్గించి ఇవ్వాలి.

• ఏసీ కరెంటు మామూలు సగటు సున్నాయే. 20 మిల్లీసెకన్ల ఒక్కో ఆవృత్తిలో అనేక రీడింగులు తీసి ఆర్ఎంఎస్ విలువ కట్టాలి.

• 230 వోల్టుల ఇంటి కరెంటుతో ప్రయోగాలు వద్దు. చిప్ లోపలి విభజన ఆర్డుయినోను కాపాడుతుంది కానీ, బోర్డుపై బయటికి కనిపించే స్క్రూలను, టంకాన్ని తాకే వేలిని కాపాడదు. ఇంటి వాడకం కొలవాలంటే తీగను కోయకుండా, తొడుగు పైనుంచే బిగించే క్లాంప్ రకం సెన్సర్ మేలు. దాన్ని కూడా అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించాలి.

చివరగా, తెలిసిన లోడు ఒకటి పెట్టి బోర్డు చూపే అంకెను మల్టీమీటర్ రీడింగుతో పోల్చి చూడాలి. రెండూ కలిస్తేనే ఆ అంకెను నమ్మి మోటారును ఆపే ప్రోగ్రాం రాయవచ్చు.