దొరల బంగళాను కూల్చవలసినదేనా?

చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు ప్రాంతపు సంఘములకు మిషను కాంపౌండులోని ఇటుక బంగళా కొత్తది కాదు. 1853లో ఆర్కాటు మిషను స్థాపించిన స్కడరు సోదరులు అమెరికావారే గాని, మిషను బంగళాల పద్ధతి మాత్రం ఇంగ్లీషు కలెక్టర్లదే. కప్పు పెచ్చులూడగానే కమిటీలో “కూల్చి స్లాబు వేద్దాము” అనే మాట వస్తుంది. అంతకు ముందు ఆ ఇల్లు ఎలా కట్టారో చూడమని మా మనవి.

మందపు గోడలు, ఎత్తైన కప్పు, ఎదురెదురు తలుపులు, చుట్టూ వరండా. గోడ మీద ఎండ పడదు, వేడిగాలి పైకి పోతుంది. అయినా వేసవికి తాళలేక కడప కలెక్టరు హార్స్‌లీ దొర మదనపల్లె దగ్గర ఏనుగు మల్లమ్మ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. (1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలోనిదే.)

ఇక మిద్దె. టేకు దూలాలపై సన్న ఇటుకలను నిలువుగా, మూలవాటంగా సున్నముతో పేర్చి, పైన ఇటుక జల్లి, గానుగ సున్నము పరచి, కరక్కాయ, బెల్లము నానిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్కలతో కొట్టేవారు. కొట్టే పని ఎక్కువగా ఆడవారిదే. కొండకు దొర పేరు నిలిచింది గాని, ఆ తల్లుల పేర్లు ఎవరు రాసిపెట్టారు?

పాత ఇటుక నేలలోని చెమ్మను పీలుస్తుంది. సున్నపు పూత దానిని బయటికి ఆరనిస్తుంది. దానిపై సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి, చెమ్మ పైకెక్కి, ఉప్పు పొంగి, ఇటుక పొడిగా రాలుతుంది. అప్పుడు “గోడ పాతదైపోయింది” అంటాము.

లేవీయకాండము 14వ అధ్యాయములో గోడకు పొడ కనబడితే యాజకుడు మొదట ఏడు దినములు ఇల్లు మూసి చూడాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు మాత్రమే తీయించి, గోడ గీకించి, కొత్త అడుసు పూయించాలి. తిరిగి వస్తేనే పడగొట్టాలి. మన కమిటీలు మొదటి దినమే చివరి మెట్టు ఎక్కుతున్నాయి!

కడపలో పాదిరి కుమారుడు సి.పి. బ్రౌను బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను పోషించి తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేశాడు. ఆ ఇల్లు శిథిలమైపోయింది. ఆ స్థలములో ఇప్పుడు ఆయన పేర గ్రంథాలయమున్నది, మంచిదే. ఇల్లు మాత్రం లేదు.

దూలాలన్నీ పుచ్చి, గోడలు నెర్రెలిచ్చిన ఇల్లు వేరు. అందులో పిల్లలను పడుకోబెట్టమని మేము చెప్పము. తక్కినచోట్ల మిద్దె మీది రావి మొక్కలను వేళ్లతో తీయించి, గోడ మొదట నీరు నిలవకుండా కాలువ తీయించండి. ఒక దూలము చెదలు తింటే ఆ ఒక్కటే మార్చవచ్చు. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు కొందరే మిగిలారు, వారూ వయసు మళ్లినవారు. తీర్మానము రాయకముందే అటువంటి ఒకరిని పిలిచి మిద్దె ఎక్కించి చూపండి.