గనిలో తూటా – తయారీదారుని పూచీ

ఖతర్ నేలలో బొగ్గు గనులు లేవు. అయినప్పటికీ దోహా నగరపు భవనాలకు, రహదారులకు పేలుడు పదార్థాలతో సంబంధం లేకపోలేదు. కాంక్రీటులో కలిపే గట్టి గాబ్రో రాయి ఫుజైరా, ఒమాన్ కొండల నుండి ఓడలలో ఇక్కడికి చేరుతున్నది. క్వారీలో పేల్చిన తరువాతనే ఆ కొండ కంకరగా మారుతుంది. తెలుగు నేలపై ఇటువంటి పని శతాబ్దానికి పైగా సాగుతున్నది. 1889లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు త్రవ్వకం మొదలైనది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. గోదావరి లోయలోని గనులలో నేటికీ బొగ్గును పగులగొట్టుటకు మందుగుండు అవసరమే.

భూగర్భంలో షాట్‌ఫైరర్ చేతికి ఒక తూటా అందుతుంది. అది ఎట్టిదో అతడు విప్పి చూడలేడు, ముందుగా పేల్చి పరీక్షింపలేడు. పైన అచ్చు వేసిన మాటలను నమ్మి రంధ్రంలో అమర్చుతాడు. ఆ మాటలు సత్యమని ఎవరు పూచీ పడాలి? గనుల భద్రతా శాస్త్రంలోను, చట్టంలోను ఇది ముఖ్యమైన ప్రశ్న.

పేరు లేని పెట్టె

1866 ఏప్రిల్ 16న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో వెల్స్ ఫార్గో రవాణా సంస్థ కార్యాలయంలో ఒక పెట్టె నుండి నూనె వంటి ద్రవం కారుచుండెను. సంగతి తెలుసుకొనుటకు ఉద్యోగులు సుత్తి, ఉలితో పెట్టెను తెరవబోయిరి. అందులో ఉన్నది నైట్రోగ్లిజరిన్. పేలుడులో పలువురు మరణించిరి, భవనం ధ్వంసమైనది. నష్టపరిహారం కోరుతూ భవన యజమాని వేసిన దావా అమెరికా సుప్రీం కోర్టు వరకు వెళ్ళినది. పెట్టెలో ఏమున్నదో తెలియని, అనుమానించుటకు కారణం లేని రవాణాదారులను నిర్లక్ష్యానికి బాధ్యులను చేయలేమని 1872లో ఆ కోర్టు తీర్పు చెప్పినది.

ఈ తీర్పు నుండి ఒక సూత్రం స్పష్టమగుచున్నది. తెలియనివానిపై భారం మోపలేనప్పుడు, తెలిసినవాడు తెలియజేయుట విధి కావలెను. బ్రిటన్‌లో 1875లో, భారతదేశంలో 1884లో పేలుడు పదార్థాల చట్టాలు వచ్చినవి.

తూటాలో ఉప్పు

బొగ్గు గనిలో తయారీదారుని బాధ్యత మరింత సూక్ష్మమైనది. బొగ్గు పొరల నుండి మీథేన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది సుమారు 5 నుండి 15 శాతం వరకు ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. ఆ పేలుడుకు లేచిన బొగ్గు ధూళి కూడా అంటుకొన్నచో ప్రమాదం గని అంతటా వ్యాపిస్తుంది. 1965లో నాటి బీహారులోని ధోరీ గనిలో జరిగిన విస్ఫోటనంలో 268 మంది మరణించిరి.

అందుచేత భూగర్భ బొగ్గు గనులలో 'పర్మిటెడ్' అనే ప్రత్యేక తరగతి పేలుడు పదార్థాలనే వాడవలెను. వీటిలో సాధారణ ఉప్పును, అనగా సోడియం క్లోరైడును కలుపుతారు. అది జ్వాల వేడిని తగ్గించి, మంట నిలిచే కాలాన్ని కుదిస్తుంది. మీథేన్ కలిసిన గాలి నింపిన ఉక్కు గొట్టంలో పేల్చి, వాయువు అంటుకొనుట లేదని పరీక్షించిన పిమ్మటనే వీటికి ఆమోదం లభిస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఉప్పు తగ్గిన తూటా చూచుటకు వేరుగా ఉండదు. పైగా అది బొగ్గును మరింత బలంగా పగులగొట్టవచ్చును. అనగా ప్రాణాంతకమైన లోపం కార్మికునికి మంచి సరుకుగా కనిపించే అవకాశమున్నది! తూటాకు చుట్టిన కాగితం కూడా పేలుడులో మండుతుంది కనుక దాని బరువును సైతం లెక్కలోనికి తీసుకొనవలెను. లేనిచో విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ అధికమగును. డిటోనేటర్ గొట్టం విషయమూ ఇట్టిదే. అల్యూమినియం నుండి వెలువడే మండే రేణువులు మీథేన్‌ను అంటింపగలవు. కావున భూగర్భ బొగ్గు గనులకు రాగి గొట్టపు డిటోనేటర్లు పంపుతారు. ఈ లోపాలను కనిపెట్టగలిగినది కర్మాగారంలోని ప్రయోగశాల మాత్రమే. గని అడుగున దీపం పట్టుకొన్న మనిషికి అది సాధ్యం కాదు.

చట్టం ఏమి చెబుతున్నది?

భారతదేశంలో 2008 నాటి పేలుడు పదార్థాల నియమావళిని నాగపూర్ కేంద్రంగా గల 'పెసో' సంస్థ అమలు జరుపుతున్నది. దాని ప్రకారం ఆమోదం పొందిన పదార్థాన్నే తయారు చేయవలెను. లైసెన్సు కలవారికే, వారికి అనుమతించిన పరిమాణం మేరకే అమ్మవలెను. ప్రతి పెట్టెపై పదార్థం పేరు, ప్రమాద తరగతి, తయారీదారు పేరు, తయారైన తేదీ, బ్యాచి సంఖ్య ముద్రింపవలెను. బొగ్గు గనులలో వాడకానికి గనుల భద్రతా డైరెక్టర్ జనరల్ ఆమోదం కూడా అవసరం.

భోపాల్ దుర్ఘటన 1984లో జరిగిన పిమ్మట, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 7బి సెక్షన్ చేరినది. కర్మాగారాలలో వాడే వస్తువులను, పదార్థాలను సరఫరా చేసేవారు వాటిని తగినవిధంగా పరీక్షించి, సురక్షితంగా వాడే విధానాన్ని తెలియజేయవలెనని అది విధించినది. ఇటువంటి విధులనే 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ గనులతో సహా ఇతర పని స్థలాలకు విస్తరింపజేసినది. ఈ కోడ్ 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990లో ఆమోదించిన రసాయనాల ఒడంబడిక కూడా లేబుళ్ళను, భద్రతా వివరపత్రాలను సరఫరాదారుని విధిగా పేర్కొన్నది.

గేటు దాటిన తరువాత

సరుకు లారీ గేటు దాటగానే పూచీ ముగిసినదని భావించుట పొరపాటు. నేటి ఓపెన్‌కాస్ట్ గనులలో ఎమల్షన్‌ను ట్యాంకరులో తెచ్చి, రంధ్రం వద్ద రసాయనం కలిపి నింపే పద్ధతి ఉన్నది. దానిలో సన్నని వాయు బుడగలు ఏర్పడిన పిమ్మటనే అది పూర్తి పేలుడు పదార్థమగును. అనగా తయారీలోని చివరి దశ గనిలోనే జరుగుతున్నది. తయారీదారుని బాధ్యత కూడా అంతవరకు వచ్చినది. ఇక ఒక బ్యాచిలో లోపం బయటపడినచో, అది ఏ మ్యాగజైనుకు చేరినదో వెదకి వాడకం ఆపించుటకు ఆధారం పెట్టెపైని ఆ చిన్న సంఖ్యయే.

అయితే యజమాని బాధ్యత దీనితో తొలగిపోదు. సరియైన నిల్వ, శిక్షణ పొందిన షాట్‌ఫైరర్, పేలని తూటాల విషయంలో జాగ్రత్త గని యాజమాన్యపు విధులు. ఒకరి విధి రెండవవారి విధికి బదులు కాదు.

ఖతర్‌లోను పేలుడు పదార్థాలను 1999 నాటి 14వ చట్టం నియంత్రిస్తున్నది. గల్ఫ్ దేశాలలో క్వారీలలోను, నిర్మాణ స్థలాలలోను, రసాయన గిడ్డంగులలోను మన తెలుగువారు ఎందరో పనిచేస్తున్నారు. పెట్టెపై వ్రాసినది తమకు తెలిసిన భాషలో వివరింపుమని, భద్రతా వివరపత్రం చూపుమని అడుగుటకు వారు సంకోచింప పనిలేదు. తెలిసినవాడు చెప్పుట విధియైనచో, తెలియనివాడు అడుగుట అతని ప్రాణరక్షణ.