టెంకాయకు ఎరువు, పురుగుకు కరువు

గుత్తి ప్రాంతంలో వంకల వెంబడి ఈతచెట్లు, బోర్ల కింద టెంకాయ చెట్లు, ఈమధ్య అక్కడక్కడా బర్హీ ఖర్జూరం. మూడూ ఒకే కుటుంబం. వీటికి మనం పెట్టే తిండికీ, వీటిని తినే పురుగులకూ ఉన్న సంబంధం గురించి కొన్ని విశేషాలు:

● నీళ్లు చాలక చెట్టు వాడితే ఆకుల్లో మాంసకృత్తులు విరిగి అమైనో ఆమ్లాలు రసంలో చేరతాయి, పురుగు సంతతికి అదే బలం. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త టి.సి.ఆర్. వైట్ 1969లో చెప్పిన మాట ఇది. అయితే ఎడతెగని కరువులో చెట్టులో రసమే తగ్గి, పీల్చే పురుగు కూడా పస్తుంటుందని తర్వాత తేలింది. కొన్నాళ్లు ఎండి, కొన్నాళ్లు తడిసే తోటే దానికి అనుకూలం. వాన తక్కువగా పడే ఈ ప్రాంతంలో, బోరు పోసినప్పుడు పోసి ఆగినప్పుడు ఆగే తోటలన్నీ ఆ రకమే!

● మోతాదు మించిన యూరియాదీ అదే పని: ఆకు లేతబడి, రసం పురుగుకు రుచిస్తుంది. పొటాష్ దీనికి విరుగుడు. అది తగినంత ఉంటే అమైనో ఆమ్లాలు రసంలో పోగుపడకుండా మాంసకృత్తులుగా మారతాయి. కాపుకొచ్చిన టెంకాయ చెట్టుకు ఏడాదికి 500 గ్రా. నత్రజని, 320 గ్రా. భాస్వరం, 1200 గ్రా. పొటాష్ ఇవ్వమని సిఫారసు. అంటే సుమారు కిలో యూరియా, రెండు కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, రెండు కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. మనవాళ్లు మరిచేది ఈ చివరిదాన్నే, యూరియాను ఎవరూ మరవరు.

● టెంకాయకు ఉప్పు కూడా ఎరువే. దానికి క్లోరిన్ బాగా కావాలి. సముద్రానికి దూరంగా ఉన్న తోటల్లో ఫిలిప్పీన్స్ రైతులు చెట్టు మొదట్లో ఉప్పు వేస్తారు. బోరు నీళ్లే ఉప్పగా ఉన్నచోట మాత్రం ఆ ఊసెత్తకూడదు.

● మొవ్వులోంచి వచ్చే కొత్త మట్ట కత్తెరతో కోసినట్టు ‘వి’ ఆకారంలో ఉంటే కొమ్ము పురుగు పని. ఆకులు విడివడక, ముడుచుకుని, అతుక్కుని వస్తే బోరాన్ లోపం. రెండో దానికి పురుగుమందు కొట్టి ప్రయోజనం లేదు. కొమ్ము పురుగు కోతలు కూడా ఇవాళ్టివి కావు, మట్ట విచ్చుకోకముందు మొవ్వులో ఉండగానే పడ్డవి.

● చెట్టుకు బలమని దాచే పేడ దిబ్బలోనే కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, పిల్లలు అందులోనే పెరుగుతాయి. అందుకే దిబ్బను తిరగేసి ఆ పిల్లలను ఏరెయ్యాలి, మెటారైజియం అనే పచ్చబూజును కలపాలి. మట్టల మొదళ్లలో ఇసుక, వేపపిండి పోయడం మరో ఉపాయం.

● ఎంత మంచి ఎరువేసినా ఈ చెట్లకు మాను మీది గాయం పూడదు. వేప, చింతల్లా కొత్త కణజాలం పుట్టి కాండం లావయ్యే ఏర్పాటు వీటికి లేదు. ఎర్రముక్కు పురుగుకు ఆ గాయమే వాకిలి. పులిసిన వాసన దానికి ప్రాణం. మగ పురుగు వదిలే ఆకర్షక పదార్థాన్ని 1993లో గుర్తించారు, దానితో పాటు ఎర బుట్టల్లో కల్లు కూడా పోస్తుంటారు. కల్లుగీత ఉన్నచోట ఎర అడక్కుండానే సిద్ధం కదా! పచ్చిమట్ట కొట్టాల్సివస్తే మానుకు ఆనించి కాకుండా 120 సెం.మీ. వదిలి కొట్టమనేది ఇందుకే.